సమాధానం: వర్చువల్‌బాక్స్‌లో కనబడని మౌస్ బాణం గుర్తు

కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లోని లినక్స్‌లో మౌస్ బాణం గుర్తు కనబడటం లేదని, అయినా క్లిక్ చేస్తే మెనూలు తెరుచుకుంటున్నాయని మీరు రాశారు. ఈ రెండో మాటే అసలు ఆధారం: క్లిక్‌లు అందుతున్నాయంటే మౌస్‌లో లోపం లేదు, గుర్తును తెరపై గీసే చోటే తేడా వస్తోంది.

మౌస్ ఇంటిగ్రేషన్ (మౌస్‌ను లోపలికీ బయటికీ ఆటంకం లేకుండా కదలనిచ్చే సదుపాయం) పనిచేస్తున్నప్పుడు లోపలి సిస్టమ్, అంటే లినక్స్, గుర్తు ఆకారాన్ని మాత్రమే పంపుతుంది, దాన్ని గీసేది మీ అసలు కంప్యూటర్. కాబట్టి ముందుగా వర్చువల్‌బాక్స్ ఇన్‌పుట్ మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్‌ను ఆపి చూడండి. అప్పుడు మౌస్ ఆ కిటికీలోనే బందీ అవుతుంది. కంగారుపడకండి, మీరు మార్చి ఉండకపోతే విండోస్, లినక్స్ కంప్యూటర్లలో కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటికొస్తుంది.

గుర్తు కనబడితే కారణం దొరికినట్టే. ఇక వర్చువల్ మెషీన్‌ను, అంటే ఆ లోపలి కంప్యూటర్‌ను, సేవ్ చేసి వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్ డిస్‌ప్లే సెట్టింగులలో త్రీడీ యాక్సిలరేషన్ (త్రీడీ బొమ్మలను వేగంగా గీసే ఎంపిక) తీసివేసి, గ్రాఫిక్స్ కంట్రోలర్ (లోపలి కంప్యూటర్‌కు ఇచ్చే గ్రాఫిక్స్ కార్డు రకం) దగ్గర వీఎంఎస్‌వీజీఏ (VMSVGA) అని ఉందో లేదో సరిచూసి, మెషీన్‌ను మళ్లీ ఆన్ చేసి, గెస్ట్ అడిషన్స్‌ను (లోపలి లినక్స్‌లో వేసుకునే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లను) మీ వర్చువల్‌బాక్స్ వెర్షన్‌కు సరిపోయేలా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) అప్‌డేట్ తర్వాతే ఇబ్బంది మొదలై ఉంటే నా అనుమానం ముందు గెస్ట్ అడిషన్స్ మీదికే పోతుంది. అప్పటికీ కనబడకపోతే లినక్స్ లాగిన్ తెరలో వేలాండ్‌కు బదులు, అందుబాటులో ఉంటే, ఎక్స్11 సెషన్ ఎంచుకోండి; ఈ రెండూ తెరపై బొమ్మను చూపించే వేర్వేరు పద్ధతులు.