పాత అమెరికన్ టీవీ షోల్లో కనిపించే డ్రైవ్-ఇన్‌లు ఇంకా ఉన్నాయా? వెళ్తే నిరాశ పడతామా?

ఉన్నాయండి. నేను విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఉంటాను. మా ఇంటి నుంచి కార్లో పావుగంట వెళ్తే లియోన్స్ ఫ్రోజెన్ కస్టర్డ్ అనే, ఐస్‌క్రీమ్ లాంటి కస్టర్డ్ అమ్మే కొట్టు వస్తుంది. సౌత్ 27వ వీధిలో, ఓక్లహోమా అవెన్యూ దగ్గర. 1942లో లియోన్ ష్నైడర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అప్పటినుంచీ ఆ కుటుంబమే నడుపుతోంది. డ్రైవ్-ఇన్ అంటే సినిమా హాలు అనుకునేరు, ఇది తిండి దొరికే చోటు. ఒకప్పుడు కారు ఆపితే కుర్రాళ్ళు ట్రేలో పెట్టి కారు దగ్గరికే తెచ్చిచ్చేవారట. ఇప్పుడు మనమే కిటికీ దగ్గరికి వెళ్ళి తెచ్చుకుని, కార్లో కూర్చునో బయట నిలబడో తినాలి.

నిరాశ సంగతికి వచ్చేముందు, ఊళ్ళోవాళ్ళు ఈ లియోన్స్‌తో ముడిపెట్టే హ్యాపీ డేస్ అనే టీవీ షో గురించి రెండు ముక్కలు. హ్యాపీ డేస్ అనగానే మనకి 2007 నాటి శేఖర్ కమ్ముల సినిమా గుర్తొస్తుంది. ఇక్కడివాళ్ళకి మాత్రం 1974 నుంచి 1984 దాకా ఏబీసీ ఛానెల్లో వచ్చిన కామెడీ షో. కథ జరిగేది మిల్వాకీలోనే, 1950ల్లో. హైస్కూల్ పిల్లలు, తోలు జాకెట్ వేసుకుని మోటార్ సైకిల్ మీద తిరిగే ఫాంజీ, అందరూ చేరే ఆర్నాల్డ్స్ అనే డ్రైవ్-ఇన్. డెబ్బైల జనం యాభైలని తలుచుకుంటూ చూశారు. ఇప్పుడు వాళ్ళే ఆ షో చూసిన రోజుల్ని తలుచుకుంటున్నారు.

నాకు లియోన్స్ చూపించింది మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దాయన. ఆయన పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మంగళవారం రాత్రి భోజనాలు తొందరగా ముగించి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునేవారట. "మా నాన్నకి కామెడీ అక్కర్లేదు. షోలో ఎవరైనా మిల్వాకీ అంటే చాలు, మా వైపు తిరిగి చూసేవాడు" అని చెప్పాడు. ఆ మాట విన్నాక ఆ చోటుని నేను మామూలు ఐస్‌క్రీమ్ కొట్టులా చూడలేకపోయాను.

ఆర్నాల్డ్స్‌కి మూలం లియోన్సే అని ఊళ్ళో చాలామంది అంటారు. కాదు, మిల్వాకీ పక్కనే ఉన్న గ్లెండేల్‌లో పోర్ట్ వాషింగ్టన్ రోడ్డు మీద ఉండే మిల్కీ వే అనే డ్రైవ్-ఇన్ అని ఇంకో మాట ఉంది. దాని స్థలంలో ఇప్పుడు కాప్స్ కస్టర్డ్ ఉంది. షో నిర్మాతల్లో ఒకరైన థామస్ మిల్లర్ మిల్వాకీ మనిషే కాబట్టి ఆయన మనసులో రెండూ కలిసిపోయి ఉండొచ్చని నా నమ్మకం. షూటింగ్ మాత్రం హాలీవుడ్లో, పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్‌లో. అందుకే మీకు చెప్పేది, ఆ సెట్ కోసం వెతక్కండి. తెరమీద చూసిన బూత్ సీట్లు, పాటలు వేసే పెట్టె లియోన్స్‌లో కనపడవు. అసలు లోపల కూర్చునే జాగాయే లేదు. అవి దొరక్క మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళని చూశాను. బాధేసింది, ఎందుకంటే చూడాల్సింది వాళ్ళ కళ్ళముందే ఉంది.

చీకటి పడ్డాక వెళ్ళండి. కొట్టు పైకప్పు చుట్టూ నియాన్ గొట్టాలు వెలుగుతాయి, యాభైల నాటి తీరు. వాన పడిన రాత్రయితే ఆ రంగులు పార్కింగ్‌లో తడి నేల మీద పరుచుకుంటాయి. కిటికీలోంచి లోపలికి చూడండి. స్టీలు మెషిన్ నోట్లోంచి కస్టర్డ్ మందంగా, నెమ్మదిగా, మడతలు పడుతూ కిందికి జారుతుంటుంది. ఐస్‌క్రీమ్‌లో కలిసేంత గాలి ఇందులో కలవదు, అందుకే గరిటకి బరువుగా వస్తుంది. మరీ గడ్డకట్టేంత చల్లగా కూడా ఉంచరు కాబట్టి నాలుక మొద్దుబారదు, రుచి వెంటనే తెలుస్తుంది. రోజూ ఉండేవి మూడే: వెనీలా, చాక్లెట్, బటర్ పీకాన్. మొదటిసారైతే బటర్ పీకాన్ తీసుకోండి. ఉప్పు తగిలిన ఆ పీకాన్ పప్పు పంటికింద పడినప్పుడు తెలుస్తుంది నేనెందుకు చెప్పానో.

మనవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఇందులో గుడ్డు పచ్చసొన ఉంటుంది. ఫ్రోజెన్ కస్టర్డ్ అని అమ్మాలంటే పచ్చసొనలోని ఘనపదార్థం కనీసం 1.4 శాతం ఉండి తీరాలని అమెరికాలో నిబంధన. ఈ విషయం నాకు ముందే గుర్తొచ్చి ఉంటే బావుండేది. అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎంతో సంబరంగా తీసుకెళ్ళి, కప్పు చేతికిచ్చాక గుర్తొచ్చింది. అమ్మ గుడ్డు ముట్టదు. కప్పు నాకే తిరిగిచ్చేసి "నువ్వు తిను, నేను చూస్తూ కూర్చుంటా" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. సరే, టైం గడవాలి కదా అని ఆ షో గురించి, మా ఆఫీసు పెద్దాయన వాళ్ళ నాన్న గురించి చెప్పాను. అమ్మ కారు అద్దంలోంచి ఆ లైట్లనే చూస్తూ వింది. కాసేపయ్యాక, ఒకప్పుడు దూరదర్శన్‌లో వచ్చిన సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి సంగతి ఎత్తింది.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు వీధి వీధంతా ఉండేది. లోపల జాగా చాలక అరుగు మీద నిలబడేవాళ్ళు. పక్కింటి పిన్నిగారు చంటిపిల్లని ఎత్తుకుని కిటికీలోంచి చూసేది. నాన్న యాంటెన్నా తిప్పడానికి డాబా ఎక్కితే, "వచ్చింది వచ్చింది" అని కింద నుంచి అరవడం నా పని. ఇదంతా నేను మర్చిపోయాననే అనుకున్నాను. అమ్మ మాత్రం ఆ కార్లో కూర్చుని ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చునేవారో పేరుపేరునా చెప్పింది. నా చేతిలో కస్టర్డ్ కరిగి నీళ్ళయిపోయింది.

తర్వాత అమ్మ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం "ఆ లైట్ల దగ్గరికి వెళ్దామా" అని తనే అడిగేది. ఇంట్లోంచి తన కోసం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళేవాళ్ళం.