ఉప్పునీటి ట్యాంకు పెట్టాలంటే

ప్రశ్న: మాది విశాఖ. పాపకి క్లౌన్ చేపలంటే ప్రాణం. 60 లీటర్ల ట్యాంకు కొన్నాం. బీచ్ నీళ్లు తెచ్చి పోసేయొచ్చా అండీ?

జవాబు: వద్దండీ, ఒడ్డు దగ్గర నీళ్లలో మురుగు కలుస్తుంది. ఆర్వో నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ (సముద్రపు చేపల ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలపండి, వంటింటి ఉప్పు పనికిరాదు. అసలు కష్టం ఆగడంలోనే ఉంది. రాళ్లు పెట్టి, చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే, అది కుళ్లి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని తినే బ్యాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా పాప ఎంత మారాం చేసినా చేపల్ని వేయకండి. నేను తొందరపడి వేసిన మొదటి జత నీటిపైకి వచ్చి మొప్పలు ఎగరేస్తుంటే చూడలేకపోయాను. ఇంకోటి, నీళ్లు ఆవిరై తగ్గితే ఆర్వో నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు, ఎందుకంటే ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది.