అటక మీద పెట్టె

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో మా మామగారి తండ్రి 1950ల చివర్లో ప్రభుత్వ వేలంలో కొన్న ఇంట్లో ఉంటున్నాం. పోలీస్ చర్య తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయిన కుటుంబానిదట. వాళ్ల ట్రంకు పెట్టె ఇంకా అటక మీదే ఉంది. అందులో పాన్‌దాన్, ఉర్దూ ఉత్తరాలు, పట్టుగుడ్డలో చుట్టిన ఖురాన్, పసిబిడ్డ వెండి గిలక ఉన్నాయి. ఇప్పుడు ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం. పెట్టెను పాత సామాన్లవాళ్లకి అమ్మేద్దామని మావారు. అత్తయ్య వద్దంటారు. ఏటా దసరాకి దుమ్ము దులిపి మళ్లీ పైన పెట్టేది ఆవిడే. వాళ్ల ఉసురు తగులుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఉసురు తగలడానికి మీరెవరినీ ఏడిపించలేదమ్మా. 1948 సెప్టెంబర్ తర్వాత వెళ్లిపోయినవాళ్ల ఇళ్లను కాందిశీకుల ఆస్తులంటూ 1950 చట్టం కింద కస్టోడియన్ అనే ప్రభుత్వాధికారి అధీనంలోకి తెచ్చారు. 1954 చట్టం వచ్చాక వాటిలో కొన్నిటిని అటునుంచి వచ్చిన శరణార్థులకిచ్చారు, కొన్నిటిని వేలం వేశారు. మీ ఇల్లు అలా వచ్చిందే. అయితే తాతగారు డబ్బు కట్టింది ఇంటికి. ఆ గిలకకు ఎవరూ వెల కట్టలేదు. మీ మనసు పట్టుకున్నది ఈ తేడానే అనుకుంటాను. అది సరైనదే.

మీవారిని రాయిలాంటి మనిషి అనుకోకండి. మీరు పెట్టె మాట ఎత్తినప్పుడల్లా ఆయనకది తాతగారి మీద నిందలా వినబడుతూ ఉండొచ్చు. 'ఇల్లు మనదే, దాని గురించి కాదు నేననేది' అని ముందే చెప్పండి. తర్వాత అత్తయ్యను మాట్లాడనివ్వండి. ఇన్నేళ్లూ ఎందుకు దాచారో ఆవిణ్ని ఎవరైనా అడిగారా? మీ ఇంట్లో ఈ విషయం మీద మొదటి మాట ఆవిడదే కావాలి.

అమ్మడం మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ఖురాన్‌ను దగ్గరి మసీదులో ఇవ్వండి, ఎలా భద్రపరచాలో వాళ్లకు తెలుసు. ఉత్తరాలు నమ్మకమైన, ఉర్దూ చదవగల పెద్దమనిషితో చదివించండి. పేర్లు, ఊళ్లు దొరుకుతాయి. అలా వెళ్లినవాళ్లలో చాలామంది కరాచీలో స్థిరపడ్డారు, అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేటే ఉంది. ఆ కుటుంబాల చుట్టాలు ఇక్కడా ఉంటారు, మీ గల్లీలోని ముసలివాళ్లను కదిపి చూడండి. ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టే తొందర వద్దు, ఉత్తరాల్లో ఒక ఇంటి గుట్టు ఉండొచ్చు.

ఎవరూ దొరక్కపోతే? 2017లో అమృత్‌సర్‌లో విభజన మ్యూజియం తెరిచారు. అక్కడ ఇలాంటి ఇంటి వస్తువులే ఉన్నాయి, తీసుకుంటారేమో రాసి అడగండి. లేదంటే కొత్త ఫ్లాట్‌లో ఒక అర దానికివ్వండి. బిల్డర్‌కి తాళాలిచ్చేలోగా మీ ముగ్గురూ కలిసి ఇది తేల్చుకోవాలి. కూల్చేరోజు హడావుడిలో కూలీల చేతికి పోకూడదు.

నిద్ర పట్టక వారాలు గడుస్తుంటే డాక్టర్‌ని కూడా కలవండి. పెట్టె సంగతి తేలేదాకా ఆగొద్దు.