కొక్కొరొకో ఎన్ని మాత్రలు?

సందేహం: అయ్యా, మా మనవరాలికి బడిలో కోడి ‘కాకడూడుల్డూ’ అంటుందని నేర్పారు. నేను ‘కొక్కొరొకో’ అంటే ‘తప్పు తాతా’ అంటోంది. ఏది సరి?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: రెండూ అనుకరణలే. కోడి కూతలో అక్షరాలుండవు, విన్నవాళ్లు తమ భాష అక్షరాలు తొడుగుతారు. ఫ్రెంచివారికది కోకోరికో, జర్మన్లకు కికెరికీ, జపానువారికి కొకెకొక్కో. ఇన్ని దేశాల్లోనూ కకారం మాత్రం వదల్లేదు చూడండి.

మీ మనవరాలికి చెప్పవలసిన అసలు సంగతి మాత్రలది. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలకడానికి పట్టే కాలం. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో హ్రస్వ (ఒక మాత్ర), దీర్ఘ (రెండు), ప్లుతాలను (మూడు) చెప్పే సూత్రం ‘ఊకాలోఽజ్ఝ్రస్వదీర్ఘప్లుతః’. అచ్చుల్లో మొదటిదైన అకారాన్ని విడిచి పాణిని ఉకారాన్నెందుకు పట్టుకున్నాడు? కోడి కూతలో ఉ, ఊ, ఊ3 అని ఒకటి, రెండు, మూడు మాత్రలు వరసగా వినబడతాయి గనుక అని సంప్రదాయజ్ఞులు చెబుతారు. మన కొక్కొరొకో చూడండి. ద్విత్వం ముందున్న మొదటి ‘కొ’ గురువు (రెండు మాత్రలు), తర్వాతి రెండూ లఘువులు (ఒక్కొక్క మాత్ర), చివరి ‘కో’ గొంతు సాగినంతసేపూ ప్లుతం. మూడు కొలతలూ ఒక్క కూతలో ఒదిగాయి! ఉచ్చారణ శాస్త్రం చెప్పే పాణినీయ శిక్ష ఇంకా ముందుకు పోయి, పాలపిట్ట ఒక మాత్ర, కాకి రెండు, నెమలి మూడు, ముంగిస అరమాత్ర పలుకుతాయంటుంది. గడియారం చూడడం రాని పిల్లకు కూడా కాలాన్ని చెవితో కొలవడం నేర్పే పాఠమిది. దీన్ని మన వాచకాల్లో పెట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక కూతల అనుకరణ సంగతికొస్తే, కాకికి పేరొచ్చింది దాని కూతనుంచేనని పదాల పుట్టుక చెప్పే ప్రాచీన గ్రంథం నిరుక్తంలో యాస్కుడు అన్నాడు. ఔపమన్యవుడనే మరో ప్రాచీన పండితుడు ఒప్పుకోలేదు.

బడిలో ఇంగ్లీషు పాటకు ఇంగ్లీషు కూతే ఉండనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. నా కోపమంతా ‘కోడి అరిచింది’ అనే పెద్దవాళ్ల మీద. కోడి కూస్తుంది, కుక్క మొరుగుతుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, గుర్రం సకిలిస్తుంది, నక్క ఊళ వేస్తుంది. ఇప్పుడు అన్నీ ‘అరుస్తున్నాయి’. ఒంగోలు గిత్తను కళ్లారా చూసినవాళ్లు కూడా ‘రంకె’ మరిచిపోతే ఎట్లా?

తెలుగు వాక్యంలో నేనైతే కొక్కొరొకో అనే రాస్తాను. కొక్కొరోకో, కుక్కురుకూ అనే ఇళ్లూ ఉన్నాయి, వాటిని తప్పనలేను. రేపు తెల్లవారుజామున కోడి కూసినప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టించండి.