డబ్‌స్టెప్ అనాలా, బ్రోస్టెప్ అనాలా, ఉట్టి 140 అనాలా? ముందు ఏ స్పీకర్ కోసం చేశారో చెప్పండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీరు 140 బీపీఎంలో (నిమిషానికి 140 బీట్లు) ట్రాక్‌లు చేసి ‘డబ్‌స్టెప్’ (లండన్‌లో పుట్టిన, బాస్ నిండిన డాన్స్ మ్యూజిక్) అని ట్యాగ్ పెడుతున్నారు. ఒక ట్రాక్ కింద కొంతమంది చేరి ఇది డబ్‌స్టెప్ కాదు బ్రోస్టెప్ అని తిడుతున్నారు, ఇంకో ట్రాక్ కింద మరికొంతమంది చేరి డ్రాప్ (బిల్డప్ తర్వాత బీటూ బాసూ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ఎక్కడ బాసూ అంటున్నారు. ఏ పేరు పెట్టాలి, అసలు ఈ లేబుళ్ళ గొడవ ఇంత సీరియస్‌గా ఎందుకు నడుస్తోంది అని.

సూటిగా చెప్తాను. మీ ట్రాక్‌లో బాస్ ఎన్ని హెర్ట్జ్ దగ్గర కూర్చుందో (అంకె తగ్గేకొద్దీ ధ్వని లోతుకి పోతుంది) చూడండి, సగం సమాధానం అక్కడే ఉంది. ఈ గొడవలో నిజాయితీ గురించీ, అమ్ముడుపోవడం గురించీ పెద్ద పెద్ద మాటలు వినిపిస్తాయి గానీ, అడుగున ఉన్నది మాత్రం ఎవరు ఏ స్పీకర్ మీద వింటున్నారన్న సంగతే.

నేను 2009లో ఎమ్మెస్సీ కోసం లండన్ వెళ్ళి క్రాయిడన్‌లో రూమ్ తీసుకున్నాను. మ్యూజిక్ కోసమేం కాదు, అద్దె తక్కువని. అక్కడ సర్రీ స్ట్రీట్ మార్కెట్‌లో పౌండ్‌కి ఒక గిన్నెడు టమాటాలో, ఉల్లిపాయలో పోసి ఇచ్చేవారు, మా కూరగాయలన్నీ అక్కడే. ఆ వీధిలోనే ఒకప్పుడు బిగ్ యాపిల్ రికార్డ్స్ అని చిన్న షాపు ఉండేదనీ, కౌంటర్‌లో హాచా అనే డీజే పనిచేసేవాడనీ, పైన ఆర్ట్‌వర్క్ అనే ప్రొడ్యూసర్ స్టూడియో ఉండేదనీ, తర్వాత పేరు తెచ్చుకున్న స్క్రీమ్, బెంగా స్కూలు వయసులోనే అక్కడ పడి ఉండేవారనీ నాకు ఆలస్యంగా తెలిసింది. షాపు 2004లోనే మూతపడింది. అంటే నేను వెళ్ళేసరికి డబ్‌స్టెప్ పుట్టిన చోట డబ్‌స్టెప్ ఏమీ లేదు, వంకాయలున్నాయి.

అసలు ఆ డబ్‌స్టెప్ మొదలుపెట్టినవాళ్ళే ఒకసారి ఇలాంటి పేర్ల గొడవ చూసి వచ్చినవాళ్ళు. 2000 ప్రాంతంలో లండన్ క్లబ్బుల్లో అంతా గరాజ్ అనే డాన్స్ మ్యూజిక్. తళుకు బట్టలు, షాంపేన్, తీయటి గొంతులు. అందులో కొంతమంది గొంతు తీసేసి, వెలుగు తీసేసి, కింది బాస్ మాత్రం ఉంచి ట్రాక్‌లు చేశారు. అవి మామూలు గరాజ్ నైట్‌లో ఇమడవు. వాటికోసమే 2001లో సోహోలోని వెల్వెట్ రూమ్స్‌లో ఫార్వర్డ్ అనే నైట్ మొదలైంది, తర్వాత షోర్‌డిచ్‌లోని ప్లాస్టిక్ పీపుల్‌కి మారింది. 2005లో బ్రిక్స్‌టన్‌లో మాలా, కోకి, లోఫా, మైకు పట్టే ఎంసీ పోక్స్ కలిసి డీఎంజెడ్ నైట్ పెట్టారు. 2006 జనవరిలో మేరీ ఆన్ హాబ్స్ బీబీసీ రేడియో 1లో వీళ్ళందరినీ ఒకే షోలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇంక ఆగలేదు.

డీఎంజెడ్‌కి నన్ను మా క్లాస్‌మేట్ ఒకడు లాక్కెళ్ళాడు. సెయింట్ మాథ్యూస్ అని పెద్ద చర్చి, అందులోనే మాస్ అనే క్లబ్. లోపల దాదాపు చీకటి. మొదటి ట్రాక్‌లో నాకు డ్రమ్స్ తప్ప ఏమీ వినపడలేదు. అదీ చాలా తక్కువ డ్రమ్స్, 140 అంటారు గానీ స్నేర్ డ్రమ్ మూడో బీట్ మీద ఒక్కటే పడుతుంది కాబట్టి 70లా నడుస్తుంది. ఇదేంటి ఖాళీగా ఉంది అనుకుంటుండగా సబ్, అంటే అన్నిటికంటే కింది బాస్, వచ్చింది. చెవికి కాదు, ప్యాంటు కాళ్ళకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ గ్లాసులో బీరు మీద వలయాలు లేస్తున్నాయి, ముక్కు లోపల జిల అంటోంది. 40, 50 హెర్ట్జ్ దగ్గర శుద్ధమైన సైన్ వేవ్ (ఒకే స్వరం, ఇంకేం కలవనిది) అది. ఆ ట్రాక్‌లో అంత ఖాళీ ఎందుకు వదిలారో అప్పుడు అర్థమైంది, ఆ ఖాళీ అంతా సబ్ కోసం.

తర్వాత వారం నేను ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో అలాంటిదే ఒకటి కట్టి, వంటింట్లో ల్యాప్‌టాప్ మీద మా హౌస్‌మేట్‌కి వినిపించాను. గుంటూరు వాడు, పప్పు తిరగమోత పెడుతున్నాడు. కాసేపు విని, “బానే ఉంది గానీ బాస్ ఏదిరా ఇందులో?” అన్నాడు.

వాడిది అక్షరాలా కరెక్ట్. ల్యాప్‌టాప్ స్పీకర్ 50 హెర్ట్జ్ పలకదు, ఆ చిన్న స్పీకర్లలో చాలావాటికి 150, 200 దాటితే గానీ గొంతు రాదు. హెడ్‌ఫోన్స్‌లో నేను విన్న ట్రాక్‌లో ముఖ్యమైనదంతా వాడికి అసలు లేదు. ఈ మాట నేను మీకు ఎందుకు చెప్తున్నానంటే, 2009 నుంచి 2012 దాకా ప్రపంచంలో డబ్‌స్టెప్ కొత్తగా విన్నవాళ్ళలో ఎక్కువమంది విన్నది ఆ వంటింటి పద్ధతిలోనే. యూకేఎఫ్ డబ్‌స్టెప్ యూట్యూబ్ చానెల్ 2009లో వచ్చింది. అమెరికాలో కాలేజీ పిల్లాడు హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ మీద వింటున్నాడు. వాడికి బాస్ వినపడాలంటే అది పైకి రావాలి, మిడ్ రేంజ్‌లోకి, అంటే చిన్న స్పీకర్ కూడా పలికే మధ్య స్థాయికి. మార్గం అందరికీ తెలిసిందే: సైన్ బదులు హార్మోనిక్స్ (మూల స్వరం పైన మోగే ధ్వనులు) నిండుగా ఉన్న వేవ్ తీసుకో, డిస్టార్షన్ (గరగరలాడించే ఎఫెక్ట్) వెయ్యి, మాసివ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో ఎల్ఎఫ్ఓని (నెమ్మదిగా ఊగే కంట్రోల్) ఫిల్టర్ కటాఫ్‌కి తగిలించు. వావ్ వావ్ అని అరుస్తుంది. అది ఫోన్‌లో కూడా వినపడుతుంది. దాంతోపాటు ట్రాక్ నడకే మారిపోయింది. పాతవాటిలో డీజే నెమ్మదిగా కలపడానికి పొడవాటి ఇంట్రో ఉండేది, కొత్తవాటిలో నిమిషంలోపే బిల్డప్ అయిపోయి డ్రాప్ పడిపోవాలి, లేకపోతే పిల్లాడు ట్యాబ్ మూసేస్తాడు.

ఇదే బ్రోస్టెప్. తిట్టుగానే పుట్టిన పేరు, ఎవడూ తనంతట తాను పెట్టుకున్నది కాదు.

మరి దీనికి కారకుడెవడు అంటే అందరూ స్క్రిలెక్స్‌ని చూపిస్తారు. పోస్ట్ హార్డ్‌కోర్ అనే రాక్ శైలి బ్యాండ్‌లో పాడి వచ్చిన లాస్ ఏంజెలెస్ కుర్రాడు, 2010 అక్టోబర్‌లో ఈపీ (చిన్న ఆల్బమ్) తెచ్చాడు, 2012 ఫిబ్రవరిలో మూడు గ్రామీలు పట్టుకెళ్ళాడు. తిట్టడానికి సులువైన మనిషి. కానీ లెక్క సరిగ్గా చూస్తే అరిచే మిడ్ రేంజ్ బాస్‌ని అతను కనిపెట్టలేదు. డీఎంజెడ్ నలుగురిలో ఒకడైన కోకి 2007లోనే ‘స్పాంజ్‌బాబ్’ అని ఒక ట్రాక్ వేశాడు, వినండి, మీ పళ్ళు కదులుతాయి. లీడ్స్ నుంచి వచ్చిన రస్కో ఆ అరుపునే జోకులా, సరదాగా మార్చి పార్టీల్లో వాయించాడు, తర్వాత బ్రోస్టెప్‌లో తన తప్పు కూడా కొంత ఉందని తనే ఒప్పుకున్నాడు. ఇంటి పిల్లే అది. ఊరెళ్ళి పెద్దదై వచ్చేసరికి మా పిల్ల కాదన్నారు.

ఇంకోటి చూడండి. 2010 ఆగస్టులో గాయని కేటీ బీ మొదటి సింగిల్ యూకే చార్టులో 5వ స్థానానికి వెళ్ళింది, ప్రొడ్యూస్ చేసింది బెంగా. అదే ఏడాది స్క్రీమ్, బెంగా, ఆర్ట్‌వర్క్ ముగ్గురూ మాగ్నెటిక్ మ్యాన్ పేరుతో కొలంబియా లాంటి పెద్ద కంపెనీలో ఆల్బమ్ వేశారు. అంతకుముందు ఏడాదే లా రూ అనే పాప్ బృందం పాటకి స్క్రీమ్ చేసిన రీమిక్స్ ఎక్కడ చూసినా మోగింది. అంటే మెయిన్‌స్ట్రీమ్ తలుపు తట్టింది బయటివాళ్ళు మాత్రమే కాదు. కానీ నాకు తెలిసిన ప్రొడ్యూసర్లలో బెంగాని ‘ఇది డబ్‌స్టెప్ కాదు’ అన్నవాళ్ళు పెద్దగా తగల్లేదు. 2011 జూలైలో డ్రమ్ అండ్ బాస్ అనే వేరే శైలి నుంచి వచ్చిన డీజే ఫ్రెష్ పాట నంబర్ వన్ అయినప్పుడు మాత్రం పబ్‌లో బల్లలు విరిగేంత వాదన. చార్టు రెండుచోట్లా చార్టే కదా? తేడా ఏంటంటే బెంగా తమ మనిషి. లేబుల్ గొడవలో సగం ఇదే, సౌండ్ పేరు చెప్పి మనిషికి టికెట్ చెక్ చేయడం. డబ్బు సంగతి కూడా ఉంది, అమెరికన్ ఫెస్టివల్ పోస్టర్ మీద ‘డబ్‌స్టెప్’ అని రాసి నిన్న మొన్న వచ్చినవాడికి పెద్ద స్లాట్ ఇస్తుంటే, పదేళ్ళుగా ఖాళీ గదుల్లో వాయించినవాడికి మండదా? మండుతుంది. నేనైతే వాళ్ళని తప్పు పట్టను.

కాకపోతే పేరు మీద పోట్లాడి గెలిచినవాడు లేడు. ఎక్కువమంది ఏది విని డబ్‌స్టెప్ అంటే అదే డబ్‌స్టెప్ అయిపోయింది. తెలివైనవాళ్ళు పేరు వదిలేసి పని చూసుకున్నారు. మాలా తన డీప్ మెడి రికార్డు కంపెనీని అదే సౌండ్‌తో నడుపుకున్నాడు, లోఫా తన స్వాంప్ 81 కంపెనీతో టెంపోనే మార్చేశాడు, స్క్రీమ్ హౌస్, డిస్కో వైపు వెళ్ళిపోయాడు. పాత సౌండ్ చేసేవాళ్ళు మెల్లగా ‘140’ అనడం మొదలుపెట్టారు, ఉట్టి అంకె, దానికి ఎవడూ అడ్డం రాడు. డీజేలు పాటలు కొనే బీట్‌పోర్ట్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఇప్పుడు చూస్తే ‘డబ్‌స్టెప్’ ఒక అర, ‘140, డీప్ డబ్‌స్టెప్, గ్రైమ్ (లండన్ ర్యాప్ శైలి)’ వేరే అర. దుకాణం వాడు గొడవని రెండు అరలుగా తేల్చేశాడు. 2023లో స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగైన్ కలిసి గ్రైమ్ ఎంసీ ఫ్లోడాన్‌తో ‘రంబుల్’ చేశారు, 140లో, సబ్ నిండుగా, బోలెడంత ఖాళీతో. అదీ గ్రామీ కొట్టింది. నాతో పాటు 2011లో స్క్రిలెక్స్‌ని బూతులు తిట్టిన మిత్రుడొకడు అది సెట్‌లో వేస్తున్నాడు ఇప్పుడు. ఏంట్రా అంటే, పాట బాగుంది కదా అంటాడు.

మన దగ్గర సంగతి. నేను హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక పబ్ వాళ్ళు ‘డబ్‌స్టెప్ నైట్’ అని పోస్టర్ వేసి నన్ను పిలిచారు. పేరు అనవసరం. అప్పటికి మన సినిమా పాటల ఇంటర్‌లూడ్‌లలో కూడా నాలుగు బార్లు (తాళం చుట్లు) వావ్ వావ్ వచ్చేసింది. నేను డీప్ మెడి రికార్డులు వేశాను. వాళ్ళ సిస్టమ్‌లో సబ్ పేరుకే ఉంది, పక్కింటి వాళ్ళ కంప్లైంట్లకి భయపడి కిందంతా కట్ చేసేశారు. జనం గ్లాసులు పట్టుకుని, ఏదో మొదలవుతుందని మర్యాదగా ఎదురుచూస్తున్నారు. మేనేజర్ బూత్ దగ్గరికి వచ్చి, “అన్నా, ఆ గర్ర్ర్ అనేది ఉంటది చూడు, అది వెయ్యవా” అన్నాడు. అతను అడిగినదాంట్లో తప్పేముంది? ఆ స్పీకర్ల మీద పలికేది ఆ గర్ర్ర్ ఒక్కటే. (నిజానికి వినాయక నిమజ్జనం లారీ మీద డీజే బాక్సుల్లో అంతకంటే మంచి సబ్ ఉంటుంది, ఆ రోజు నన్ను లారీ ఎక్కించినా బాగుండేది.)

ఆ లారీల దగ్గర వాయించే మన డీజేలు పెట్టే పేర్లు గమనించండి. ‘రోడ్‌షో మిక్స్’, ‘తీన్మార్ మిక్స్’, ‘చాటల్ బ్యాండ్ మిక్స్’. వినగానే ఇది ఎక్కడ వెయ్యాలో, ఏ దరువు పడుతుందో ఇంకో డీజేకి తెలిసిపోతుంది. అసలైన రోడ్‌షో అంటే ఇదేనా అని అక్కడ ఎవడూ తర్కం పెట్టడు, బారాత్‌లో జనం ఎగిరారా లేదా అంతే. లేబుల్ చేయాల్సిన పని అది.

ఇక మీ ట్రాక్‌లు. మాస్టర్‌కి (మొత్తం ట్రాక్‌కి) 120 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టి, అంటే కింది బాస్ మొత్తం కోసేసి, ఒకసారి వినండి. ట్రాక్ చచ్చిపోతే మీరు చేసింది 140 వైపుది, అలాగే పెట్టండి, ‘140’, ‘డీప్ డబ్‌స్టెప్’ అని. కోసేసినా ఇంకా కొడుతూనే ఉంటే నిర్భయంగా ‘డబ్‌స్టెప్’ అనండి, ఇప్పుడు ఆ అర దానిదే. ఒకే చిన్న బాస్ ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటే ‘రిడిమ్’ కూడా పెట్టొచ్చు. ‘బ్రోస్టెప్’ అని మాత్రం మీరే పెట్టుకోకండి, ఆ ట్యాగ్ చూసి ట్రాక్ దించుకునే డీజే నాకైతే ఇంతవరకు కనపడలేదు. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఒకే జానర్ ఎంచుకోమంటే ఎక్కువ ఆలోచించకుండా దగ్గరగా ఉన్నది నొక్కేయండి, వివరాలు డీజేలకి పంపే మెయిల్‌లో రాయండి: బీపీఎం, కీ, సబ్ ఏ నోట్ మీద ఉంది, ఇంట్రో ఎన్ని బార్లు. ట్యాగ్ కంటే ఆ ఒక్క లైనుకే ఎక్కువ జవాబులు వస్తాయి.

‘ఇది డబ్‌స్టెప్ కాదు’ అని కామెంట్ పెట్టినవాళ్ళకి జవాబివ్వకండి. ‘డ్రాప్ ఎక్కడ’ అన్నవాళ్ళని మాత్రం దేనిమీద విన్నారో అడగండి, ఫోన్ అంటారు చాలావరకు. అలాంటివాళ్ళు మీకు ముఖ్యమైతే సబ్ మీద కొంచెం శాచురేషన్ (మెత్తటి డిస్టార్షన్) వేసి పై హార్మోనిక్స్ కాస్త వినపడేలా చేయండి, సబ్ అలాగే ఉంటుంది, ఫోన్‌లోనూ నీడ తెలుస్తుంది. రెండు ట్రాక్‌ల లింకులూ ఇక్కడే కింద పెట్టండి. మా ఇంట్లో పన్నెండు అంగుళాల సబ్ ఉంది, కింద ఓనర్ గారు ఊరెళ్ళారు, ఈ ఆదివారం వినేసి చెప్తాను.