వాణ్ని క్షమించడం ఒక ఎత్తు, నన్ను నేను క్షమించుకోవడం ఒక ఎత్తు

నమ్మిన మనిషి మోసం చేశాడు, అందరూ 'క్షమించెయ్' అంటున్నారు, నావల్ల కావడం లేదు, పైగా నమ్మినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను, ఏం చెయ్యాలి అని అడిగారు. నాకూ ఇదే జరిగింది కాబట్టి నా అనుభవం చెబుతాను.

తొమ్మిదేళ్ల క్రితం ఒక దగ్గరి స్నేహితుడి లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టాను. కాగితాలు చదవను కూడా లేదు. వాడు పేజీలు తిప్పుతూ వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసుకుంటూ పోయాను. ఏడాది తిరక్కుండానే వాడు వాయిదాలు కట్టడం ఆపేశాడు, ఫోన్ నంబర్ మార్చేశాడు, ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఆ బాకీ నాలుగేళ్లపాటు నా జీతంలోంచి కట్ అయింది. సరిగ్గా అప్పుడే మా చెల్లికి పీజీలో సీటొచ్చింది. ఫీజు నేను కడతానని అంతకుముందే మాటిచ్చాను. కట్టలేకపోయాను. తను చదువు వదులుకుని ఉద్యోగంలో చేరింది.

వాడి మీద కోపం ఎలా ఉండేదంటే, స్నానం చేస్తున్నంతసేపూ మనసులో వాడితో గొడవ పడుతూనే ఉండేవాణ్ని. వాడేమంటాడో, దానికి నేనేమనాలో అన్నీ సిద్ధంగా ఉండేవి. కొన్నాళ్లకి వాడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలిసింది. వాళ్ల ఆఫీసుకి పంపాలని వాడి బండారమంతా రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాను. నిద్ర పట్టని రాత్రుల్లో అది తెరిచి ఇంకో నాలుగు మాటలు చేర్చేవాణ్ని.

'క్షమించెయ్' అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. వాళ్ల లెక్కలో క్షమించడమంటే ఏమీ జరగనట్టు మళ్లీ కలిసిపోవడం. అలా కానక్కర్లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరెట్ వర్తింగ్టన్ అనే అమెరికా మనస్తత్వవేత్త క్షమని రెండుగా విడదీసి చెబుతారు. ఒకటి నిర్ణయం, రెండోది మనసు చల్లబడడం. పగ తీర్చుకోను అని ఈ పూటే నిర్ణయించుకోవచ్చు. కడుపులో మంట ఆరడానికి మాత్రం దాని సమయం అది తీసుకుంటుంది. ఇది తెలిశాక నాకు పెద్ద భారం దిగింది. అప్పటిదాకా, ఇంకా కోపం వస్తోంది కాబట్టి నేను క్షమించలేదు అనే అనుకునేవాణ్ని. ఆ రాత్రి డ్రాఫ్ట్ డిలీట్ చేశాను. మంట పోలేదు, కానీ రోజూ కూర్చుని దాన్ని ఎగదోసే పని ఆగింది.

ఆ వర్తింగ్టన్ గారి జీవితంలోనే ఒక విషయం ఉంది. 1996 కొత్త సంవత్సరం వేళ ఇంట్లో దొంగతనానికి వచ్చినవాడు ఆయన తల్లిని చంపేశాడు. అప్పటికే క్షమ మీద పరిశోధన చేస్తున్న ఆయన ఆ మనిషిని క్షమించగలిగారు. 2005లో ఆయన తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నప్పుడు, తమ్ముడికి సాయపడలేకపోయానని తనని తాను క్షమించుకోవడానికి మాత్రం చాలా కష్టపడాల్సి వచ్చింది. అంతటివాడికే అలా అయింది. మీవల్ల కావడం లేదంటే అది మీ లోపం అనుకోకండి.

నా విషయంలో ఎందుకంత కష్టమైందో చెబుతాను. స్నేహితుడి వల్ల పోయింది నా డబ్బు, కాబట్టి వదిలెయ్యాలో వద్దో తేల్చుకోవాల్సింది నేనే. నా సంతకం వల్ల పోయింది చెల్లి చదువు. తనకి రావాల్సిన బాకీని నాకు నేను ఎలా మాఫీ చేసుకుంటాను? అందుకే కనిపించినప్పుడల్లా సారీ చెప్పేవాణ్ని. బంధువుల ముందు కూడా, 'నావల్లే దీని చదువు ఆగిపోయింది' అనేవాణ్ని. పశ్చాత్తాపమంటే అదే అనుకున్నాను.

ఒకరోజు తను బట్టలు మడతపెడుతుంటే మళ్లీ మొదలుపెట్టాను. చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వు సారీ చెప్పిన ప్రతిసారీ నేనే నిన్ను ఓదార్చాల్సి వస్తోంది. నాకు ఓపిక లేదు. నిజంగా ఏదైనా చెయ్యాలనుంటే ఆదివారాలు మా బాబుని చూసుకో, నేను చదువుకుంటాను" అంది. దూరవిద్యలో మళ్లీ చేరదామనుకుంటోందని అప్పుడే తెలిసింది. అంతకాలం నేను ఒక్కసారి కూడా 'నీకేం కావాలి' అని అడగలేదు.

అప్పట్నుంచి రెండేళ్లుగా ఆదివారాలు బాబు నా దగ్గరే ఉంటాడు. తను లోపలి గదిలో తలుపేసుకుని చదువుకుంటుంది. వాడు తలుపు దగ్గరికి పరిగెత్తినప్పుడల్లా ఎత్తుకొచ్చి బొమ్మల ముందు కూర్చోబెడతాను. ఆ పోయిన ఏళ్లు తిరిగి రావని నాకు తెలుసు. అయినా ఆ కాసేపు నన్ను నేను తిట్టుకోను.

అందుకే మీకు చెప్పేదేమిటంటే, మీ తప్పు వల్ల ఎవరైనా నష్టపోయి ఉంటే, క్షమించమని అడిగే ముందు వాళ్లకేం కావాలో అడగండి. నష్టపోయింది మీరొక్కరే అయితే, నమ్మడం తప్పు కాదు, చూసుకోకపోవడం తప్పు. ఆ రెండూ కలిపి మోయకండి. నిద్రాహారాలు మానేసేదాకా, బతకాలనిపించనంత దాకా వెళ్తే ఒంటరిగా తేల్చుకోవాలని చూడకండి, దయచేసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

నెల క్రితం ఆ స్నేహితుడి నుంచి మెసేజ్ వచ్చింది, 'క్షమించరా' అని ఒక్క మాట. మూడు రోజులు ఆలోచించి జవాబిచ్చాను: "బాకీ తీరిపోయింది. నీకు చెడు జరగాలని కోరుకోవడం లేదు. కలవడం మాత్రం ఇప్పుడే వద్దు." వాడు చదివినట్టు ఫోన్‌లో టిక్ మార్కు కనిపించింది. వాడింకా ఏమీ రాయలేదు.