అమ్మ పడిపోవడానికి కారణం వయసేనా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర ఒక పల్లె. నేను పెళ్లయి ఒంగోలులో ఉంటున్నాను. అమ్మకు 64 ఏళ్లు. బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతుంది. రెండేళ్ల కిందట నాన్న పోయినప్పటి నుంచి ఒంటరిగానే ఉంటోంది. ఈ ఏడాది స్నానాలగదిలో రెండుసార్లు పడింది, రాత్రిళ్లు నిద్ర పట్టదంటుంది, చెప్పిన మాట మరిచిపోతోంది. వయసు ప్రభావమే అన్నారు డాక్టరు. మొన్న ఊరికి వెళ్లినప్పుడు బియ్యం డబ్బాలో సగం ఖాళీ అయిన క్వార్టర్ సీసా కనబడింది. ఒకప్పుడు మా ఊరి సారాయి అంగడిని మూయించిన ఆడవాళ్లలో అమ్మ కూడా ఉంది. ఆమెను తీసుకొచ్చి ఇంట్లో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో అదే మానేస్తుందని తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ తాళం ఆలోచన మానుకోమని మీ తమ్ముడికి ఈ రోజే చెప్పండి. రోజూ మద్యానికి అలవాటుపడిన శరీరానికి అది ఒక్కసారిగా అందకపోతే, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కొందరికి ఫిట్స్ రావడం జరుగుతుంది. రెండు మూడు రోజులు గడిచాక లేని మనుషులు కనబడినట్లు మాట్లాడే స్థితి కూడా రావచ్చు. బీపీ, షుగరు ఉన్న పెద్ద వయసువారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. ఆమెకు ఎవరైనా సీసా తెచ్చిస్తుంటే ఆ మనిషిని మీరు బెదిరించి ఆపించినా ఫలితం తాళం వేసినట్లే ఉంటుంది కాబట్టి, డాక్టరును కలిసేదాకా ఆ పని కూడా చేయకండి.

ఇక అసలు సందేహానికి వస్తాను. ఒక్క సీసా చూసి ఆమె మద్యానికి బానిస అయిందని తేల్చలేము. అలాగని పడిపోవడం, నిద్రలేమి, మతిమరుపు మూడూ వయసు వల్లనే అని వదిలేయడమూ సరికాదు. పెద్దవయసు స్త్రీలలో మద్యం సమస్య బయటపడకపోవడానికి ముఖ్యకారణం దాని గుర్తులన్నీ వార్ధక్యపు గుర్తుల్లాగే కనబడడం. డాక్టరును తప్పుపట్టలేము, తెల్లచీర కట్టుకుని వచ్చిన పెద్దావిడను "అమ్మా, మీరు తాగుతారా" అని అడగడానికి చాలామందికి నోరు రాదు. అందుకే గమనించవలసింది మీరు. ఆమె పడింది ఏ పూట? ఒంటిమీద ఎక్కడ తగిలిందో తనకే తెలియని కమిలిన మచ్చలు ఉన్నాయా? మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా బీపీ దిగడం లేదా? రాత్రి అన్నం మానేస్తోందా? చీకటి పడ్డాక ఫోన్ తీయకపోవడం, ఇరుగుపొరుగు వస్తే తలుపు దగ్గరే మాట్లాడి పంపేయడం కొత్తగా మొదలయ్యాయా?

కొద్దిగానే తాగుతుందిలే అనుకోవడానికి కూడా లేదు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటిశాతం తగ్గుతుంది, స్త్రీలలో అది మొదటి నుంచే తక్కువ. కాబట్టి ఒకప్పుడు మీ నాన్నగారికి ఏమీ కాని మోతాదే ఆమె రక్తంలో చాలా ఎక్కువగా నిలుస్తుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే 30 మిల్లీలీటర్ల లెక్కన ఆరు మోతాదులు. దానికి బీపీ మాత్ర తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. షుగరు మాత్రల్లో కొన్ని ఖాళీ కడుపుతో మద్యం పడినప్పుడు చక్కెరను ప్రమాదకరంగా దించేస్తాయి. నిద్ర కోసం ఆమె మందుల షాపులో అడిగి ఏమైనా మాత్రలు తెచ్చుకుంటోందేమో కూడా చూడండి, నిద్రమాత్రలు, మద్యం కలవడం అన్నిటికన్నా ప్రమాదం. బలానికని తాగే ఆయుర్వేద అరిష్టాలలోనూ మద్యం ఉంటుందన్నది చాలామందికి తెలియదు.

ఆమెతో మాట్లాడవలసింది ఉదయం పూట, మీరిద్దరే ఉన్నప్పుడు. సీసాను ఎదుట పెట్టి నిలదీయవద్దు. "నాన్న లేని సాయంత్రాలు ఎట్టా గడుస్తున్నాయమ్మా" అని మొదలుపెట్టండి. వైద్యులు అడిగే నాలుగు ప్రశ్నలు వీలు చూసి అడగవచ్చు: తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా ఆ మాట ఎత్తితే చిరాకు వేసిందా, తప్పు చేస్తున్నానని బాధపడిందా, పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి తాగవలసి వచ్చిందా. రెండింటికి అవునంటే సమస్య ముదిరిందన్న అనుమానం బలమైనట్లే. ఒకటే అన్నా, ఏదీ కాదన్నా నిశ్చింతగా ఉండకండి, ఆడవారి విషయంలో ఈ ప్రశ్నలు అసలు సంగతిని తప్పిపోనిచ్చే అవకాశం ఎక్కువ.

సారాయి అంగడి మూయించిన సంగతి మాత్రం మీ నోట రానివ్వకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన కదలిక 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాయి నిషేధానికి దారితీసిందంటే అది మీ అమ్మగారి తరం స్త్రీల ఘనత. అయితే అదే చరిత్ర ఇప్పుడు ఆమెకు నోరు విప్పలేని సిగ్గుగా మారి ఉంటుందని నా అనుమానం. సీసా బియ్యం డబ్బాలో దాచుకున్నదీ అందుకే కావచ్చు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. వెళ్లేముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్‌తో, కొద్దికొద్దిగా మాన్పిస్తారు. వెళ్లేటప్పుడు ఆమె వాడే మాత్రల అట్టలు, టానిక్కు సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, రోజుకు ఎంత తాగుతోందో ఆమె ఒప్పుకున్నంత మేర కాగితం మీద రాసుకోండి. ఈలోగా ఆమె తనంతట తాను మానేసి వణుకుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.